వినపడలేదన్నాను

ఏళ్ళ తరబడి ఒక అబద్ధాన్ని మోశాను. మోసీ మోసీ ఇప్పుడు ఒళ్ళంతా కోపం. ఎవరి మీద? ముందు నా మీద. ఆ తర్వాత, సిగ్గులేకుండా, నన్ను నమ్మినవాడి మీద కూడా. మీకూ చెప్పనీయండి.

మాది పుంగనూరు. మునిరత్నానిది రామకుప్పం. మదనపల్లెలో కలిసి ఇంజనీరింగు చదివి, ఒకే పరిశోధన నౌకలో ఉద్యోగానికి చేరాం. సముద్రంలో మనిషి దిగలేని లోతుకు ఒక యంత్రాన్ని దింపేవాళ్ళం. ఓడలో కూర్చుని, తెర చూస్తూ దాన్ని నడిపేది నేను. డెక్కు మీద దాని కేబుల్ వదిలేదీ, చుట్టేదీ వాడు. కరెంటూ, దృశ్యాలూ అన్నీ ఆ ఒక్క కేబుల్‌లోనే. మా ఇద్దరికీ మాటలు హెడ్‌ఫోన్లలో.

ఆ రోజు తెర మీద తెల్లటి పగడాలు కనిపించాయి. ఇలాంటివి ఎప్పుడూ చూడలేదని వెనక నిలబడ్డ శాస్త్రవేత్తలు ఊపిరి బిగబట్టారు. ఇంకొంచెం ముందుకు పోతే ఒక ముక్క తేవచ్చు. అప్పుడే చెవిలో మునిరత్నం అరిచాడు: "కేబుల్ యాడో తగులుకోనుండాది. ఆపప్పా!"

విన్నాను. స్పష్టంగా విన్నాను. ఆపితే ఏం పోయేది? కానీ అంతమంది చూస్తుండగా వెనక్కి తగ్గడం నామోషీ అనిపించింది. ముందుకే తోశాను. రాతి అంచుకు కోసుకుని కేబుల్ తెగింది. తెర నల్లబడింది. యంత్రం అడుగునే ఉండిపోయింది.

విచారణకు ముందు వాడు నా దగ్గరికి వచ్చాడు.

"ఆపమని సెప్పినా గదప్పా. నీకు ఇనపళ్యా?"

"ఇనపళ్యా."

"నిజంగా?"

"నిజంగానే."

నమ్మాడు! హెడ్‌ఫోన్లు సరిచూసే పని తనదే కాబట్టి తప్పూ తనదేనని విచారణలో వాడే ఒప్పుకున్నాడు. ఉద్యోగం పోయింది. నేను తల వంచుకుని కూర్చున్నాను. ఎందుకు నమ్మావురా? ఒక్కసారి గట్టిగా కసురుకుని ఉంటే నిజం కక్కేవాణ్ణి కదా అని ఇన్నేళ్ళూ వాడి మీదే పళ్ళు కొరికాను. ఎంత నీచం! అయినా, కక్కేవాణ్ణేనా?

వాడిప్పుడు కుప్పంలో బోరు మోటార్లు బాగుచేస్తాడు. పోయిన నెల ఫోన్ చేసి, కూతురు సముద్రం చదువు చదువుతానంటోందని చెప్పాడు. "నా మాదిరి అజాగ్రత్తగా ఉండొద్దని దానికి సెప్తాండా" అన్నాడు. ఇక ఉండలేకపోయాను. కుప్పం వెళ్ళి, షెడ్డులో వాడి ఎదురుగా నిలబడి చెప్పేశాను.

వాడు చేతిలో పని పక్కన పెట్టాడు. "నాకు కాదు. మా పాపకు సెప్పు" అని లేచాడు.

వాళ్ళింట్లో, ఆ పిల్ల ముందు, మొదటి నుంచీ మళ్ళీ చెప్పాను. ఆ పిల్ల నా వైపు చూడనే లేదు. వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుంది.

"అయితే నీ మాట ఇనపడింది నాయనా" అంది.

వాడు తలూపాడు. నన్ను ఎవరూ కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు. క్షమించమని అడిగే ముఖం లేక బయటికొచ్చి చెప్పులేసుకున్నాను. లోపల ఆ పిల్ల అదే మాట మళ్ళీ అంటోంది.