ఎండ రాని పెండ్లి, మా లాడ్జి సుబ్బన్న

నిన్న పొద్దున ఆళ్లగడ్డ నుంచి ఫోన్. సుబ్బన్న పోయినాడు అన్నారు.

ఏ సుబ్బన్న అని అడిగాను. అక్కడ నాకు తెలిసిన సుబ్బన్న ఒక్కడే. అయినా అడిగాను. ఇన్నేళ్లు రిపోర్టర్‌గా చేసినవాడికి అది పోని అలవాటు. ఇంకో ఫోన్ చేసి కన్ఫర్మ్ చేసుకున్నాను.

నిద్రలో పోయాడట. పెరుగన్నం తిని, టీవీలో న్యూస్ చూసి, న్యూస్ చదివేవాళ్లను తిట్టి పడుకున్నాడట.

అది కూడా కన్ఫర్మ్.

ఇది ఏడుపు పోస్ట్ కాదు. ఆయన మాట వస్తే మేమెప్పుడూ నవ్వేవాళ్లం. ఈరోజూ అదే చేస్తాను.

తెలియనివాళ్ల కోసం. సుబ్బన్నది ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర లాడ్జి. అహోబిలం పోయే యాత్రికులు అక్కడ దిగేవాళ్లు. తొంభైల్లో నేను నంద్యాల రిపోర్టర్‌ని. ఆఖరి బస్సు తప్పితే ఆ లాడ్జే నాకు ఇల్లు.

లాడ్జి వెనక కట్టెల బాయిలర్ ఉండేది. ఒకరోజు బండి నుంచి దించిన కట్టె పచ్చిది. నరికిన చోట బంక ఇంకా తడిగానే ఉంది. సుబ్బన్న వేలితో ముట్టి చూశాడు. అడవిలో పచ్చని చెట్టునే కొట్టేశారు.

ఆ నెలలోనే బెంగళూరు పోయి సోలార్ హీటర్ తెచ్చాడు. మిద్దె మీద పెట్టించాడు. బాయిలర్‌ను పాత ఇనుము వాళ్లకు తోలేశాడు.

అడవి కోసమా అని అడిగాను.

"సగం దానికే. సగం, కట్టెలకు పెట్టే దుడ్లు పొగై పోతాండాయని" అన్నాడు.

వ్యాపారులు నాకు ఇచ్చిన స్టేట్‌మెంట్లలో ఇంత నిజం ఉన్నవి తక్కువ.

ఊరు నవ్వింది. మన ఎండకు మిద్దె మీద బిందె పెడితే చాలదా అన్నారు. మే నెలలో అది నిజమే. కొళాయి తిప్పితే చేయి కాలేది. రూముల్లోంచి చన్నీళ్లు కావాలని కేకలు.

అసలు పరీక్ష చలికాలంలో వచ్చింది.

లాడ్జి మొత్తం ఒక పెండ్లికొడుకు తరఫువాళ్లు బుక్ చేసుకున్నారు. పొద్దున్నే అందరికీ వేన్నీళ్లు అని సుబ్బన్న మాట ఇచ్చాడు. ముందురోజు తుపాను ముసురు పట్టింది. సాయంత్రానికి సోలార్ ట్యాంకులో నీళ్లు బావి నీళ్లంత చల్లగా ఉన్నాయి. పంట నష్టం వార్త కోసం పోయి నేనూ అక్కడే చిక్కుకున్నాను.

వేన్నీళ్లు లేవంటే ఆయన మాట పోతుంది. మళ్లీ కట్టెల బాయిలర్ పెట్టాలి. సోలార్ దండగ అని ఊరు తేల్చేస్తుంది.

పక్క కాంపౌండులోనే రైస్ మిల్లు. కేరళకు ఉప్పుడు బియ్యం పంపే మిల్లు. వడ్లు నానబెట్టడానికి ఊక మంట మీద నీళ్లు ఎప్పుడూ కాగుతుంటాయి. ఓనరు ఓబులేసన్న. సుబ్బన్నకు సొంత బావ, అక్క మొగుడు.

ఇద్దరికీ మాటల్లేవు.

మిల్లు బూడిద వచ్చి లాడ్జి దుప్పట్ల మీద పడతాందని సుబ్బన్న బజార్లో గొడవ పెట్టుకున్నాడు. అక్క మాత్రం గోడ మీదుగా తమ్ముడికి కూర గిన్నె అందిస్తూనే ఉండేది.

సుబ్బన్న మిల్లుకు బయల్దేరాడు. గొడుగు పట్టుకుని నేనూ వెంట పోయాను.

"బావా, వేన్నీళ్లు కావాల."

"ఎండ యాడికి పాయె?"

"ఎండ పెండ్లికి రాలే. నువ్వన్నా రా."

హమాలీలు నవ్వారు. ఓబులేసన్న నవ్వలేదు. బజార్లో నన్నేమన్నావో గుర్తుండాదా అని అడిగాడు.

ఇక సుబ్బన్న తగ్గుతాడులే అనుకున్నాను.

"ఉండాది. బూడిద ఆపమన్నా. ఇప్పుడూ అదే అంటాండా. బూడిద ఆపు, నీళ్లియ్యి."

ఓబులేసన్న నా వైపు తిరిగాడు. "ఏమప్పా విలేకరీ, అడగొచ్చినోడు ఇట్ల మాట్లాడతాడా?" అన్నాడు. నా జవాబు కోసం ఆగలేదు. పొద్దున్నే డ్రమ్ములు ట్రాక్టర్‌కు ఎక్కించమని హమాలీలకు చెప్పాడు.

తెల్లారేసరికి లాడ్జి ముందు పొగలు కక్కే నీళ్లు. అందరి స్నానాలూ అయ్యాయి.

ఒక్కటే ఇబ్బంది. అవి నానిన వడ్లు మోసే డ్రమ్ములు. పెండ్లికొడుకు ఒళ్లంతా ఉడికిన వడ్ల వాసన. పీటల మీద పెండ్లికూతురు తల వంచుకుంది. సిగ్గుతో కాదు, నవ్వు ఆపుకోలేక. పెండ్లికూతురి నాయనమ్మ, వాళ్ల జేజి, అందరికీ వినపడేలా అనింది: "మంచిదేలేప్పా, పిల్లకు తిండికి కరువుండదు."

ఆ పెండ్లి భోజనం నేనూ తిన్నాను. బాగుంది.

తర్వాత జరిగినవి నేను కళ్లారా చూసినవే.

మిల్లు పొగ గొట్టం చుట్టూ పైపు చుట్టించారు. ఊరికే పోయే ఆ వేడితో లాడ్జి నీళ్లు కాగేవి. ఎండ ఉన్నరోజు సోలార్, మబ్బు పట్టినరోజు బావ. ఓబులేసన్న బూడిద ఎగరకుండా ఇటుకలతో ఒక గది కట్టించి, లోపల నీళ్లు చిలకరించే ఏర్పాటు చేశాడు. తడి బూడిదను ఇటుకల బట్టీవాళ్లు తోలుకుపోయేవాళ్లు. దుప్పట్లు తెల్లగా ఆరాయి.

జిల్లా పేజీలో చిన్న వార్త రాశాను. ఇద్దరూ నా మీదికి వచ్చారు. పైపు ఐడియా నాదంటే నాదని. చచ్చేదాకా, అంటే మొన్నటిదాకా, ఆ పంచాయితీ తెగలేదు.

నంద్యాల లాడ్జీల వాళ్లు వచ్చి చూసిపోయారు. రెండువేల సంవత్సరం దాటాక కొందరు సోలార్ పెట్టించారు. అందరూ కాదు. కట్టెల పొగ పూర్తిగా పోలేదు. ఆళ్లగడ్డలో ఒక్క లాడ్జి వెనక మాత్రం పోయింది.

నిన్న సాయంత్రం నేను పోయేసరికి సుబ్బన్న ఇంటి ముందు అరుగు మీద ఓబులేసన్న కూర్చున్నాడు. వచ్చినవాళ్లకు పైపు కథ చెబుతున్నాడు. "ఐడియా నాదే" అని ఆగాడు.

తలుపు వైపు చూశాడు. ఎవరూ కాదనలేదు.

మళ్లీ తనే అన్నాడు. "సరే లేప్పా, వానిదే అనుకోండి."

సుబ్బన్నా, పంచాయితీ నువ్వే గెల్చినావు. పోయి రా. ఏ పొగా తగలని చోట చల్లగా పండుకో.