ముక్కు బరువెక్కిన విమానం

పటాన్‌చెరులో నేను పనిచేసిన, ఇనుము కరిగించి అచ్చుల్లో పోసే ఫౌండ్రీ మూతపడి ఏడాదైంది. ఇరవయ్యేళ్లు పోతపనికి కొలతలు లెక్కగట్టిన నాకు ఎక్కడా పని దొరకలేదు. పోతిరెడ్డిపల్లిలో బామ్మర్ది కంప్యూటర్ ముందు కూర్చుని, విమానాలు కట్టే ఆటలో పాత యుద్ధవిమానం ఒకటి తయారుచేస్తున్నాను. ఈ లెక్కైనా నిలవకపోతే ఇక దేనికీ పనికిరానని భయం. ఆ రోజు పదకొండోసారి కూడా అది ముక్కు వాల్చి కూలింది.

బామ్మర్ది అంకెలు చూశాడు. "బావా, రెక్కలు సరిగ్గనే ఉన్నయి. ముక్కుల ఉన్న ఇంజను కొలతలే పెద్దగున్నయేంది?"

"పోసిన ఇనుము చల్లారితే కుంచించుకపోతది గదా. గందుకే జెర పెంచిన."

"గేమ్‌ల ఇనుము యాడ చల్లారుతది బావా!" అని పకపకా నవ్వాడు.

పెంచిందంతా తీసేశాను. విమానం లేచింది. అతను చప్పట్లు కొట్టాడు. నాకు తెలిసిన ఒక్క పనిని తుడిచేస్తేనే అది ఎగిరిందని నాకు ఏడుపొచ్చింది.