మోగని పెనాలు

పోయిన ఆదివారం ఎడిసన్‌లో స్నేహితురాలి ఇంట్లో, వంటగది గోడకి వేలాడుతున్న ఇనప పెనం మీద చెయ్యి వేశాను. పెనం మీద ఉబ్బెత్తుగా పోతపోసిన గుర్రం, దాని మీద వంగి కూర్చున్న మనిషి, జీనుకి ఉత్తరాల సంచి. వేలికి చల్లగా, గరుకుగా తగిలింది. "ముట్టుకోకే, అది కలెక్టబుల్!" అని అరిచింది స్నేహితురాలు. కలెక్టబులట! దాన్ని పోసిన కార్ఖానాలో నేను ఏడేళ్లు పనిచేశాను. నవ్వి ఊరుకుందామనుకున్నాను గానీ ఒళ్లు మండిపోయింది.

డెబ్భైల చివర, పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊరు. తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టేసిన నాకు, పెళ్లయి వచ్చాక దొరికిన ఉద్యోగం ఆ కార్ఖానాలో తయారైన పెనాలు పరీక్షించే బల్ల దగ్గర. ఆ బల్లకి పెద్ద మార్తమ్మ గారు, బందరు మనిషి. ఆవిడ పరీక్ష వేరు. పెనాన్ని పిడి పట్టి ఎత్తి, చిన్న సుత్తితో అంచు మీద ఒక్క దెబ్బ వేసేవారు. ఖంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే లోపల ఎక్కడో బీట ఉన్నట్టు. మన ఆడవాళ్లు సంతలో కుండ కొనేముందు వేలి కణుపుతో మోగించి చూడరూ, అదే విద్య.

"అక్కా, ఇది ఖంగుమంది. పిల్ల పెళ్లికి సిద్ధం" అనేదాన్ని.

"నోరు మూసి చెవులు తెరువే రవణా. నీకు రెండూ ఒకేసారి పనిచెయ్యవు" అనేవారు.

ఒక ఏడాది కంపెనీవాళ్లకి కొత్త ఆలోచన వచ్చింది. టెలిగ్రాఫు తీగలు రాని రోజుల్లో అమెరికా పడమటి ఎడారుల మీదుగా గుర్రాలెక్కి ఉత్తరాలు మోసినవాళ్ల గుర్తుగా గుర్రం బొమ్మ ఉన్న పెనాలు పోయించారు. ఆ టపా నడిచింది ఏడాదిన్నరేనట. "ఏడాదిన్నర టపాకి నూరేళ్ల పెనమా!" అని పగలబడి నవ్వాను. మార్తమ్మ గారు నవ్వలేదు. "ఉత్తరం చేరేదాకా మోసేవాడిదే పూచీ. బల్ల దాటేదాకా మనది" అన్నారు.

బొమ్మ ఉన్నచోట ఇనుము మందం, చుట్టూ పల్చన. చల్లారేటప్పుడు గుర్రం వెనక కాలి దగ్గర కంటికి కనపడని బీట పడేది. అలాంటివన్నీ ఆవిడ తీసి పక్కన పడేసేవారు. ఆ గుట్ట చూసి ఒకరోజు మేనేజరు దిగివచ్చాడు.

"మార్తా, ఇవి గోడకి తగిలించుకునేవి. వీటిలో ఎవరు వండుతారు?"

"పెనమని అమ్ముతున్నారా, పటమని అమ్ముతున్నారా?" అన్నారావిడ. "పెనమంటే ఎవరో ఒకరు పొయ్యి మీద పెడతారు. కాగే నూనెతో అది విడిపోతే ఎవరి ఒళ్లో పడుతుంది?"

ఆయన నావైపు తిరిగాడు. "అసలు ఈవిడకి బీట ఉందని ఎలా తెలుస్తుంది?"

అక్కడే తగలబడింది నా నోరు. "మా ఊళ్లో కుండలు ఇలాగే కొంటాం సార్. ఈవిడింకా బందరు సంతలోనే ఉన్నారు, జీతం మాత్రం ఇక్కడ తీసుకుంటున్నారు!"

అందరూ నవ్వారు. మేనేజరు అందరికన్నా ఎక్కువ నవ్వాడు. నాకది మెడలో దండ వేసినట్టే ఉంది, సిగ్గులేని దాన్ని.

సోమవారం మార్తమ్మ గారి చేతికి ఉద్యోగం తీసేసిన కాగితం ఇచ్చారు. సంతలో కుండలు కొనే పద్ధతిలో పరీక్ష చేసి మంచి సరుకు వృథా చేస్తోందని అందులో టైపు కొట్టి ఉంది. ఆవిడ చదివి నాకు అందించారు. "చూడు. నీ జోకు ఇంగ్లీషులో కూడా బాగానే ఉంది."

కార్ల దగ్గరికి వెంటపడి పరిగెత్తాను. "అక్కా, నేను సరదాకి..."

"సరదాకేనని తెలుసు. కోపం లేదని మాత్రం అబద్ధం చెప్పను." కారు తలుపు పట్టుకుని ఆగారు. "రేపు ఆ సుత్తి నీ చేతికిస్తారు. కనీసం దాన్నయినా అబద్ధమాడనివ్వకు."

అన్నట్టే సుత్తి నాకే ఇచ్చారు. మేనేజరు వచ్చి పక్కన నిలబడ్డాడు. మొదటి పెనమే మొద్దుగా పలికింది. ఆయన నన్ను అబద్ధమాడమని అడగలేదు, ఊరికే నిలబడ్డాడంతే. అందుకే ఆయన్ని తిట్టుకుని నేను తప్పించుకోలేను. ఆ పెనాన్ని తీసి మంచివాటి పెట్టెలో పెట్టాను. రెండోదాని నుంచి తాకీ తాకనట్టు కొట్టడం మొదలుపెట్టాను. ఖంగుమనదు, మొద్దుగానూ పలకదు. శబ్దమే వినపడని పెనంలో తప్పేముంటుంది? మూడో రోజుకి ఆ మెత్తదనం చేతికి అలవాటైపోయింది. సాకులు నాకూ ఉన్నాయి, చెప్పను.

మార్తమ్మ గారు ఆ ఊరు వదిలి వెళ్లిపోయారు, మళ్లీ చూడలేదు. ఆ పెనాలు ఎవరి పొయ్యిల మీదికి ఎక్కాయో తెలుసుకునే దారి లేదు. నా జోకులు తగ్గలేదు గానీ, పై అధికారి ముందు, పనిచేసే మనిషి మీద జోకు నాలుక చివరికొస్తే కొరికి మింగేస్తాను. ఇక తలుపైనా, డబ్బా మూతైనా, కొబ్బరికాయైనా నేను కొడితే ఇల్లదిరిపోవాలి. "అమ్మమ్మా, ఎందుకంత లౌడ్‌గా?" అని మనవరాలు చెవులు మూసుకుంటుంది. మెత్తగా కొట్టడం ఎంత సులువో నాకు తెలుసు.