మాంత్రికుడి చావుకు వన్స్‌మోర్

ఆ రోజుల్లో నాటకంలో మంచివాడి వేషం కట్టడమంత దండగమారి పని ఇంకోటి లేదు. కిరీటం పెట్టుకుని నిటారుగా నిలబడాలి, రాకుమారిని చూసి గుండెమీద చెయ్యి వేసుకోవాలి, ఆఖర్న కత్తి దూయాలి. మిగతా నాటకమంతా దుర్మార్గుడిదే. మీసం వాడిది, నడక వాడిది, జనం కూడా వాడివైపే. ఈ సంగతి ముందే తెలిసుంటే నేనూ మాంత్రికుడి వేషమే అడిగేవాణ్ణి (అడిగినా ఇచ్చేవాళ్లు కాదనుకోండి).

మైపాడు బడిలో నాకు కొత్తగా ఉద్యోగం. ఊరి కుర్రాళ్లు ఏటా ఇసుకలో పందిరి వేసి, పొద్దు వాలగానే మూగనాటకం ఆడేవాళ్లు. సముద్రం హోరులో మాటలు రెండో వరసకు కూడా వినపడవు, అందుకని ఎవరో పెద్దమనిషి మాటలన్నీ తీసేశాడట. అయ్యవారు కదా అని రాకుమారుడి వేషం నాకిచ్చారు. మాంత్రికుడు మాత్రం ఎప్పుడూ మిషను భాయే. ఆయన ఊళ్లో బట్టలు కుట్టే దర్జీ, కొలతలు తీసేటప్పుడు కూడా క్షమించమన్నట్టు నవ్వే మనిషి. అలాంటివాడు నల్లకోటు తొడిగి కనుబొమ ఎగరేస్తే పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవాళ్లు. చేపలమ్మే ఆడవాళ్లు మెటికలు విరిచి, "నీ చేతులు పడిపోనూ" అని తిట్టిపోసి, మర్నాడు మంచి వంజరం చేప ఆయన ఇంటికే పంపేవాళ్లు. రాకుమారుడి గదికి చేపతల కూడా వచ్చిన పాపాన పోలేదు.

ఆ ఏడు నాటకానికి తన కూతుర్ని వెంటబెట్టుకుని వస్తున్నట్టు మా మేనమామ కబురు పంపాడు. ఆయనది దొరవారిసత్రం పక్క వ్యవసాయం. పిల్లను నాకే ఇవ్వాలని ఆయన పట్టు. పిల్ల మాత్రం, "బావకు కోపం ముక్కుమీదే ఉంటది నాయనా. ఇప్పుడెట్టా ఉండాడో చూసినాకే చెప్తా" అందట. కిరీటంతో చూశాక ఏ పిల్ల కాదంటుందిలే అని నేను నిశ్చింతగా ఉన్నాను.

చివరి ఘట్టంలో నేను పొడవాలి, మాంత్రికుడు చావాలి. పొడిచాను. భాయి మామూలుగా చావలేదు. గుడ్లు తేలేశాడు, గిరగిరా తిరిగాడు, పందిరి గుంజ పట్టుకుని కాసేపు బతికాడు, మీసం దువ్వుకుని మరీ పడిపోయాడు. నేను జనానికి దండం పెట్టేలోగా వెనకనుంచి కేక, "వన్స్‌మోర్!" మనవాళ్లు పద్యానికి వన్స్‌మోర్ కొడతారు. ఇక్కడ పద్యాలు లేవు కాబట్టి చావుకు కొట్టారు. భాయి లేవబోతే కోటు కాళ్లకు చుట్టుకుంది. చెయ్యందించి లేపి మళ్లీ పొడిచాను. ఈసారి ఇంకా బాగా చచ్చాడు. మళ్లీ వన్స్‌మోర్. నాకు ఒళ్లు మండిపోయింది. రాకుమారుడు ఎప్పుడూ నవ్వుతూ ఉండాలని నేర్పారు కనుక పళ్లు బయటపెట్టే, "తొందరగా చావవయ్యా, మా మామ చూస్తున్నాడు" అని లేపుతూ ఆయన వేళ్లు నలిపేశాను.

"ఏం జేసేది అయివోరా, జనం సావనిస్తే గదా!" అన్నాడు ఆయన, ఎంతో బాధగా.

మళ్లీ కత్తి ఎత్తేసరికి ముందు వరసలోంచి ఒకావిడ లేచి మీదికొచ్చింది. "అయివోరా! ఇంకోతూరి ఆయన్ని పొడిచినావంటే నా బిడ్డని బడికి పంపేది లే! ఇప్పటికే సానాతూర్లు సంపినావు!" ఆవిడ వెనకనుంచి ఒక చెప్పు వచ్చి నా కిరీటానికి తగిలింది. రాకుమారుడి మీద చెప్పు పడటం ఆ ఊళ్లో అదే మొదలట. మాంత్రికుణ్ణి భుజాలమీద ఎత్తుకుని వెళ్లిపోయారు. రాకుమారీ వాళ్ల వెంటే వెళ్లింది. నేను అట్టకత్తి పట్టుకుని, పళ్లు బయటపెట్టుకునే నిలబడ్డాను. పెళ్లి సంగతి ఇక మరిచిపోవచ్చని అనుకున్నాను. ఏడుపొచ్చింది.

పొద్దున్నే మామ వచ్చాడు. "పిల్ల ఒప్పుకునిందిరా!"

"ఎట్టా మామా?" అన్నాను నోరెళ్లబెట్టి.

"'అంతమంది తిట్టినా, చెప్పు పడినా బావ నవ్వతానే ఉండాడు నాయనా. ఆ సచ్చినాయనకి చెయ్యిచ్చి లేపినాడు, ఏదో మంచిమాట గూడా చెప్పినాడు' అనింది."

నేను సముద్రానికి మనసులోనే దండం పెట్టుకున్నాను. పెళ్లి చొక్కా భాయే కుట్టాడు, వేళ్ల వాపు తగ్గాక.

అప్పట్నుంచీ ఇంట్లో కోపం వచ్చినప్పుడల్లా పళ్లు బయటపెట్టి నవ్వుతూ వచ్చాను. ఏం చెయ్యను, ఆవిడ చేసుకున్నది ఆ నవ్వే మనిషిని కదా! మొన్న మనవడు నా కళ్లజోడు మీద కూర్చుని విరగ్గొట్టాడు. వాడు బెదిరిపోతే చెయ్యిచ్చి లేపి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. "ఆయనకి కోపమంటే ఏందో తెలీదమ్మా" అంటోంది మా ఆవిడ పక్కింటావిడతో. ఒళ్లు మండుతుందేమోనని కాసేపు చూసుకున్నాను. మండలేదు. నవ్వు మాత్రం, ఎవరూ నేర్పకుండానే వచ్చింది.