సుద్ద తుడిచిన అద్దం

1974ల మదీనాగూడ దాటినంక బొంబాయి రోడ్డు పక్కన ఒక కొత్త ఫ్యాక్టరీ ఆఫీసుకు అద్దాలు బిగించిన. నాది బోరబండ, అద్దాల పని. అప్పుడు ఆ చుట్టుపక్కల బండలు, సీతాఫలం చెట్లు తప్ప ఏం లేకుండె. ముందటి హాలుకు ఎదురెదురుగ ప్లేట్ గ్లాస్ పెట్టిన, అంటే అలలు లేకుండ చదునుగ ఉండే మందమైన అద్దం, మనిషి కంటే ఎత్తు.

మా పనిల ఒక పద్ధతుంది. పుట్టీ ఆరేదాక అద్దం మీద సుద్దతోని అడ్డదిడ్డంగ గీతలు కొట్టి పెడ్తం, ఎవరన్న చూడక గుద్దుకుంటరని. ఒప్పజెప్పేనాడు తుడుస్తం. నేను గూడ తుడిచిన. అద్దం ఉన్నదా లేదా అన్నట్టుండె. ఎంత మురిసిపోయిననో!

వెనక గదుల పని ఇంకా మిగిలుండె, అందుకే రోజూ పోయేటోణ్ణి. మర్నాడు పొద్దుగాల ధడేల్‌మని చప్పుడు. ఉరికి చూస్తే రామచిలుక, మెడ వాలేసి అద్దం కింద పడున్నది. తెల్లారి పావురం. మురికి పట్టి అద్దం సరిగ కనపడ్తలేదేమో అనుకొని ఇంకింత రుద్ది తుడిచిన. ఆనాడు రెండు పడ్డయి.

చచ్చినవాటిని ఎత్తేది ఊడ్చే యాదమ్మ. ఆమెకు ఏడో నెల, అంతకుముందు రెండు కాన్పులు పోయినయి. ఆమె చీపురు పడేసి నా మీదికొచ్చింది.

"ఏం అద్దం పెట్టినవన్నా? రోజూ పీనుగలు ఎత్తుడేంది? నా కడుపుల బిడ్డకేమన్న అయితే? ఇగ రేపటి సంది నేను రాను."

"అట్లేం గాదు యాదమ్మా, జర ఆగు" అన్న గని, నాక్కూడ భయం పట్టుకున్నది. ఆమెకేమన్న అయితే ఆ పాపం నాదే అనిపించింది.

బయటికి పోయి, పిట్ట వచ్చే దిక్కు నిలబడి మొదటిసారి చూసిన. అక్కడ అద్దమే లేదు. ఆకాశం, సీతాఫలం చెట్లు, అంతే. చెట్టు కనపడ్తే పిట్ట చెట్టే అనుకుంటది, దానికి అద్దం బిగించిన చౌకట్ సంగతి ఏం తెలుస్తది? సుద్ద ఉన్నన్ని దినాలు ఒక్కటి గూడ గుద్దుకోలేదని అప్పుడు యాదికొచ్చింది. అద్దం మీద మల్ల గీతలు గీస్తనని పోయి అడిగిన.

"ఇంత ఖరీదైన అద్దం మీద గీతలేంటండీ?" అన్నడు కోస్తా నుంచి వచ్చిన మేనేజర్. బతిమాలి ఒప్పించిన. బయటి దిక్కు, పైనుంచి కిందిదాక, రెండించులకొకటి తెల్లరంగు గీతలు గీసిన.

"రేపొక్కనాడు రా యాదమ్మా. పిట్ట పడ్డదా, అద్దమే పీకేస్త."

వచ్చింది. కడుపు మీద చెయ్యేసుకొని దూరంగ నిలబడ్డది. ఒక చిలుక సీదా అద్దం మీదికే వస్తున్నది. ఇగ అయిపోయిందనుకొని కండ్లు మూసుకున్న.

చప్పుడు రాలే. కండ్లు తెరిస్తే యాదమ్మ పైకి చూస్తున్నది. చిలుక కప్పు మీదికెల్లి పోతున్నది. ఆమె చీపురు చేతికి తీసుకుంది. రెండు నెలలకు ఆడపిల్ల, తల్లీబిడ్డ ఇద్దరు మంచిగున్నరు.

అద్దం కనపడకుండ బిగిస్తేనే పనోడివని నాకు పని నేర్పిన ఉస్తాద్ అనేటోడు. ఆనాటి సంది ఎక్కడ అద్దం పెట్టినా, సుద్ద తుడిచే ముందు బయటికి పోయి నిలబడి చూస్త. గని ఆ భయం పోలే. ఇప్పటికీ ఏ తలుపన్న ధడేల్‌మంటే, నేను ముందుగాల చూసేది నేల దిక్కే.