గెడ్డని గడ్డ చేసిన పుస్తకం

పుస్తకం కొత్తదయితే తోవ కూడా కొత్తదయిపోతుందనుకునే మనుషులు కొందరుంటారు. చదువుకున్నవాళ్లలోనే ఎక్కువ. నేను బడి గడప తొక్కినవాణ్ణి కాను. మందు సీసాల మీది కాగితాలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. అందుకేనేమో, అచ్చులో పడ్డ ప్రతిదానికీ దండం పెట్టే అలవాటు నాకు అబ్బలేదు.

ఇది పంతొమ్మిది వందల ఇరవైల మాట. అరకు కొండల్లో మిషను ఆస్పత్రి మందులు ఊళ్లకి చేరవేయించే పని నాది. మేం తిరిగే ఊళ్లకి కాలితోవలే గతి. ఏ ఊరికెలా పోవాలి, ఎక్కడ మకాం చెయ్యాలి అని చెప్పే పుస్తకం ఒకటి ఆస్పత్రిలో ఉండేది. ముతక కాగితం, వంకర అచ్చు. రాసినవాడెవడో గాని నడిచి రాశాడు. కొండవాగుని మావేపు గెడ్డ అంటాం. "ఈ గెడ్డ నిదానముగా కనబడును, నమ్మరాదు" అని కూడా రాశాడు మహానుభావుడు.

ఒక వానాకాలం దానికి కొత్త కూర్పు వచ్చింది. నున్నటి అట్ట, బంగారు రంగు అక్షరాలు. పాతవి అప్పగిస్తే చించి మందు పొట్లాలు కట్టుకుందామన్నారు డాక్టరు దొరగారు. పల్లం నుంచి కొత్తగా వచ్చిన పంతులుగారయితే కొత్తదాన్ని చంకలోంచి తియ్యడమే లేదు.

ఆ వారమే పైకొండ ఊళ్లో జ్వరాలని కబురొచ్చింది. మా అప్ప, అంటే మా అక్క, అక్కడ ప్రార్థన బడి నడిపేది. అయిదు రోజులుగా మంచం దిగలేదట. చలిజ్వరానికిచ్చే కొయినా పొడి పెట్టెలు కావడికెత్తించి బయల్దేరాం. జట్టుకి పెద్ద పంతులుగారు, ఆయన వెనక నేను, కావడి మోసే కొండాయన. నా పాత పుస్తకం ఇంకా అప్పగించలేదు, రుమాల్లో కట్టుకున్నాను.

మధ్యాహ్నానికి రెండో గెడ్డ దగ్గరికొచ్చాం. "రెండవ గడ్డపై మకాము చేయవలెను" అని పంతులుగారు కొత్తది చదివారు. నేను పాతది విప్పాను. "రెండవ గెడ్డ దాటి మకాము చేయవలెను" అని ఉంది.

ఆయన నవ్వారు. "అది అచ్చుతప్పు నాయనా. గెడ్డ అనే మాట ఏ నిఘంటువులోనూ లేదు. గడ్డ అంటే మెరక. ఇదిగో, ఎదురుగానే ఉంది." అంటూ రెండు పాయల మధ్య ఇసక దిబ్బ మీద గొడుగు పాతారు.

"ఇది గెడ్డే బాబూ," అన్నాడు కొండాయన. "దీని కడుపులో కూకుంటామేటి?"

"నోరు తిరగదు గాని నాకు తెలుగు నేర్పుతావా?"

"నాకు తెలుగు రాదు బాబూ. దీనికీ రాదు," అని నీళ్ల వేపు గడ్డంతో చూపించి, కావడి దించకుండానే అవతలి ఒడ్డెక్కి నిలబడ్డాడు.

నేను మాత్రం సిగ్గు లేకుండా, పెద్ద చెప్పాడు గదా అని, పొయ్యిరాళ్లు పేర్చాను.

మా నెత్తిన ఎండే. వాన ఎక్కడో పై కొండల్లో. ముందు నీళ్ల రంగు మారింది, తరవాత చితుకులు కొట్టుకొచ్చాయి. "బేగి వచ్చీండి," అని కొండాయన పిలిచాడు. మొలలోతు నీళ్లలో పడి అవతలికి చేరేసరికి అన్నం కుండ, గొడుగు, పంతులుగారి చెప్పులు పోయాయి. ఆయన పుస్తకాన్ని మాత్రం నెత్తిన పెట్టుకుని కాపాడారు. మందు బతికింది ఆ కావడి భుజం మీద ఉండబట్టే.

పొద్దు వాలకముందే ఊరు చేరాం. మా అప్ప కళ్లు తెరిచి, "ఏటిరా, నేను పోయాక వద్దామనుకున్నావా?" అంది. కొయినా చేదుకి మందునీ నన్నూ కలిపి తిట్టింది. మూడోనాటికి లేచి కూచుని అంబలి తాగింది.

వెనక్కొచ్చాక పంతులుగారు దొరగారికి రాసిచ్చిన కాగితంలో "అకాల ప్రవాహము" అని ఉంది. నడి వానాకాలంలో అకాలమట. పుస్తకం తప్పు కాకూడదంటే కాలాన్నే తప్పు పట్టే రకం.

జరిగింది నేను నోటితో చెప్పాను. దొరగారు విని, జాబితా ముందు పెట్టుకుని నా పాత పుస్తకం అడిగారు. "ఒక్క మాటే గదా తప్పు. సవరణ చీటీ అంటిస్తే సరిపోతుంది," అన్నారు.

"ఆ ఒక్క మాట మీదే పొయ్యి పెట్టాం దొరగారూ. పెట్టెలు కూడా అక్కడే దించుంటే మా అప్ప ఈపాటికి మట్టిలో ఉండేది. ఇది ఇవ్వను. కావలిస్తే నా పని తీసుకోండి."

ఆయన కలం ముంచి, జాబితాలో నా పేరుకెదురుగా "పుస్తకము పోయినది" అని రాశారు.

ఆ వానాకాలమంతా ఆ పోయిన పుస్తకం చూసుకునే మందులు నడిపించాను.