మునిరత్నం గారి గోతిలో నేను

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని పెద్దలు చెప్పారు. ఆ సామెతను కూడా నేను సరిగ్గా పాటించలేకపోయాను. పక్కింటాయన తన కోసం ఎంతో ప్రీతిగా తవ్వుకున్న గోతిలో, పట్టపగలు, వీధి వీధంతా చూస్తుండగా పడ్డాను. నవ్వండి, ఫరవాలేదు. ఆ రోజు నవ్వనివాళ్ళు లేరు.

అప్పట్లో మా బెంగుళూరు ఆఫీసువాళ్ళు ఇంటి నుంచే పని చేయమన్నారు. రోజూ రైల్లో నిలబడి వెళ్ళొచ్చే బాధ తప్పి బంగారు గనులు మూతపడ్డ మా కె.జి.ఎఫ్.లో ఇంట్లో కూర్చునేసరికి, నా జీవితానికి అర్థమేమిటన్న బెంగ పట్టుకుంది. రైల్లో సీటు వెతుక్కునేవాడికి ఇలాంటి బెంగలు రావు. ఫోన్లో ఇరవై ఒక్క రోజుల ఆనందం క్లాసులో చేరాను. రోజూ 'నీ జీవిత లక్ష్యం ఏమిటి?' అని అడిగేవారు. పదకొండో రోజుకి నా నోటు పుస్తకంలో 'తెలియదు' అని పదకొండు సార్లు ఉంది.

సరిగ్గా అప్పుడే పక్కింటి మునిరత్నం గారు సంతోషంగా ఉండడం మొదలుపెట్టారు.

ఆయన గనుల్లో హాజరు గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. భార్య పోయాక వేపాకు నమిలిన ముఖంతో వాకిట్లో కూర్చునేవారు. అలాంటి మనిషి ఈల వేస్తున్నారు! గోళ్ళ నిండా ఎర్రమన్ను. పెరట్లో మా గోడ పక్కనే నీలం టార్పాలిన్. దాని కింద గడ్డపార చప్పుడు.

"ఏం సార్, మంచి హుషారుగా ఉండారు?" అన్నాను.

"ఏమీ లేదప్పా. ఊరికే సంతోషంగా ఉండాది."

ఊరికే! ఏ ముద్దాయైనా ఇంతకంటే స్పష్టంగా నేరం ఒప్పుకుంటాడా? క్లాసులో చేరిన నాకే రాని సంతోషం ఈయనకు ఊరికే వస్తుందా?

"సుగుణా, ఆయనకు బంగారం దొరికినట్లుండాది," అన్నాను మా ఆవిడతో.

"నూరేండ్లు ఊరంతా తవ్వినోళ్ళు మునిరత్నం సార్ పెరడు మాత్రం విడిచిపెట్టి పోయినారా?"

"మరి ఆ మన్నేంది? ఆ టార్పాలిన్ ఏంది?"

"పోయి అడగండి. గోడకు చెవి ఆనిస్తే చీమలు దూరతాయి."

నేను అడగకముందే ఆయనే వచ్చారు. "మీ ఇంట్లో గట్టి తాడు ఉండాదా అప్పా?"

"దేనికి సార్?"

"దిగేదానికి."

"యాడికి?"

"కిందికి," అని నవ్వారు.

తాడిచ్చాను. దానితోపాటు నా మనశ్శాంతి కూడా వెళ్ళిపోయింది. వీధి చివర సెల్వం అంగడికి పోయి, ఎవరికీ చెప్పవద్దని ఒట్టు పెట్టించుకుని మరీ చెప్పాను. సాయంత్రానికి పాలాయన అదే రహస్యం నాకు చెప్పాడు, ఎవరికీ చెప్పవద్దని.

ఆదివారం మధ్యాహ్నం మునిరత్నం గారింట్లో అలికిడి లేదు. సంతకు పోయారనుకుని, స్టూలు వేసుకుని ప్రహరీ గోడ ఎక్కాను. సందులో సెల్వం, మరో పదిమంది 'ఊరికే' నిలబడి ఉన్నారు. కర్రతో టార్పాలిన్ అంచు ఎత్తబోయాను. కాలి కింద రాయి కదిలింది. కర్ర, టార్పాలిన్, నేను, ముగ్గురం కలిసి లోపలికి పోయాం.

నిలువెత్తు కంటే లోతైన గొయ్యి. కుడి చీలమండ టక్కుమంది. దుమ్ము తగ్గాక చూస్తే ఎదురుగా, చిన్న పీట మీద, నెత్తిన పసుపుపచ్చ హెల్మెట్‌తో, చేతిలో టీ ఫ్లాస్కుతో మునిరత్నం గారు.

"దెబ్బ తగిలిందా అప్పా?"

ప్రాణం పోయే నొప్పిలోనూ నా నోట వచ్చిన మొదటి మాట, "బంగారం యాడ సార్?"

ఆయన ఫ్లాస్కు పక్కన పెట్టారు.

"ముప్పై ఏండ్లు కిటికీలో కూర్చొని దిగేవాళ్ళ పేర్లు రాసినానప్పా. పైకొచ్చినాక టిక్కు పెట్టినాను. నేను మాత్రం ఒక్క దినమూ దిగలా. ఇంట్లో ఆయమ్మ ఉన్నన్నాళ్ళూ 'నీకు వద్దు, ఊపిరాడదు' అనేది. ఇంగ అనేవాళ్ళు లేరు. దినానికి నాలుగు తట్టలు తవ్వుతా, కూర్చొని టీ తాగుతా. చల్లగా ఉండాది కదా?"

నిజంగానే చల్లగా ఉంది.

పైన సెల్వం తల కనబడింది. "ఎంత ఉండాదన్నా?"

"నేనొక్కణ్ణే ఉండానయ్యా! తియ్యండి!"

"ఉండప్పా," అని మునిరత్నం గారు జేబులోంచి పెన్సిలు, పుస్తకం తీశారు. "పూర్తి పేరు చెప్పు. దిగినోడి పేరు రాయకుండా పైకి పంపకూడదు."

నన్ను పైకి లాగారు. కాలికి కట్టు పడింది. అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. ఈ రోజు పెద్దవాడు పడ్డాడు, రేపు పిల్లలు పడతారు, గొయ్యి పూడ్చమని వీధివాళ్ళు అడిగారు. ఆయన మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. ఒక మనిషి సంతోషాన్ని ఒక్క ఆదివారంతో పూడ్పించానని, మంచం మీద నాకు కాలి కంటే మనసే ఎక్కువ సలిపింది.

చేతికర్ర పట్టుకుని క్షమాపణ చెప్పడానికి వెళ్ళాను. ఆయన పారతో మన్ను లాగుతూ ఈల వేస్తున్నారు.

"సార్, నా వల్ల..."

"పోనీలేప్పా. తవ్వేదీ పనే, పూడ్చేదీ పనే. ఇంత గుల్లమన్ను యాడ దొరుకుతాది? మామిడి మొక్క పెడతా." పార ఆపి అడిగారు. "అయినా నువ్వేమి వెతుకుతా వచ్చినావు?"

బంగారం అని చెప్పడానికి సిగ్గేసింది. సంతోషం అని చెప్పడానికి ఇంకా సిగ్గేసింది. కాలు నొప్పిగా ఉందని చెప్పి వచ్చేశాను.

కాబట్టి, ఇప్పటికీ వానాకాలంలో పీకే నా చీలమండ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరైనా ఊరికే సంతోషంగా కనబడితే కారణం వెతకను, గోడ ఎక్కను, అంగట్లో చెప్పను. ఇదిగో, పొద్దుటి నుంచి మా సుగుణ వంటింట్లో కూనిరాగం తీస్తోంది. ఎందుకని ఒక్క మాట అడగలేదు. కుర్చీ మాత్రం కాస్త అటువైపు జరుపుకున్నాను, అంతే.